కౌంటీ జైలు నుంచి ఫోను

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ప్రొడక్షన్‌లో ఏదో జాబ్ ఆగిపోయి నేను బ్రిడ్జ్ కాల్‌లో ఉన్నాను. మొబైల్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే ముందే రికార్డు చేసిన ఆడగొంతు, "ఇది ఫలానా కౌంటీ జైలులో ఉన్న..." అని మొదలుపెట్టింది. కారు వారంటీ వాళ్ళూ, ఇన్‌కమ్ టాక్సు పేరు చెప్పి బెదిరించేవాళ్ళూ రోజుకి నాలుగుసార్లు చేస్తున్న రోజులు. కట్ చేసేశాను. పది నిమిషాలకి మళ్ళీ అదే గొంతు. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి కట్ చేసి నంబరు బ్లాక్ కూడా చేశాను.

పొద్దున్న చూస్తే మా రూమ్మేట్ మంచం మీద దుప్పటి మడత అలానే ఉంది. వాడి మొబైల్‌కి చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నానికి గానీ సంగతి తెలియలేదు. ఎప్పుడో పాత స్పీడింగ్ టికెట్ ఒకటి ఉంది. కోర్టు తేదీ కాగితం పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది, వీడు కోర్టుకి వెళ్ళలేదు, జడ్జి వారంటు ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం టెయిల్ లైటు వెలగట్లేదని ఆపిన పోలీసు కంప్యూటర్లో చూసి, వీణ్ణి నేరుగా శ్రీకృష్ణ జన్మస్థానానికి పట్టుకుపోయాడు. శుక్రవారం సాయంత్రం దొరికినవాడికి అక్కడ సోమవారం దాకా జడ్జి లేడు. ఇద్దరం ఒకే ఫ్యామిలీ ప్లాన్, పక్కపక్క నంబర్లు. ఈ దేశంలో వాడికి నోటికొచ్చిన నంబరు నాది ఒక్కటే. ఆ నంబరుకే మూడుసార్లు చేశాడు.

సోమవారం బయటికొచ్చాక వాడు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆ రెండు రోజుల్లో ఎక్కడ డబ్బు కట్టాలో, ఎప్పుడు చూడనిస్తారో, నిమిషానికి ఎంతో తెలుసుకోవడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. జైల్లో ఉన్న మనిషితో నాలుగు మాటలు మాట్లాడటం ఇంత కష్టంగా, ఇంత ఖరీదుగా ఎందుకుంది అని తర్వాత చదవడం మొదలుపెడితే కథ ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళింది. ఆ కథే ఈ టపా.

ముందు ఒక తేడా చెప్పాలి. మనం మామూలుగా అన్నిటినీ జైలనే అంటాం గానీ అమెరికాలో ప్రిజన్ వేరు, జైలు వేరు. శిక్ష పడి ఏళ్ళ తరబడి ఉండేది ప్రిజన్. దాన్ని రాష్ట్రమో కేంద్రమో నడుపుతుంది. జైలు కౌంటీది. ఎక్కువ చోట్ల షెరీఫ్ చేతిలో ఉంటుంది. మన సబ్ జైలుకీ రాజమండ్రి సెంట్రల్ జైలుకీ ఉన్న తేడా లాంటిది అనుకోండి. 2023 మధ్యలో లెక్క తీస్తే అమెరికా స్థానిక జైళ్ళలో సుమారు 6,64,000 మంది ఉన్నారు. వాళ్ళలో పదింట ఏడుగురికి ఇంకా నేరం రుజువు కాలేదు. అంటే చట్టం దృష్టిలో మీకూ నాకూ ఎంత నేరం ఉందో వాళ్ళకీ అంతే. విచారణ కోసం ఆగి ఉన్నారు, చాలామంది బెయిలు కట్టలేక ఆగిపోయారు. ఈ విషయం గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఈ కౌంటీ జైలు అమెరికా వాళ్ళు కనిపెట్టింది కాదు. 1166లో ఇంగ్లాండు రాజు రెండో హెన్రీ, జైలు లేని ప్రతి కౌంటీలో ఒకటి కట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. జైలు షెరీఫ్ పూచీ. కట్టమన్నాడు గానీ నడపడానికి డబ్బు ఎవరిస్తారన్నది సరిగా తేల్చలేదు. దాంతో జైలరుకి జీతం లేకుండా పోయింది. మరి ఎలా బతకాలి? లోపలున్న వాళ్ళ మీదే. లోపలికి రావడానికి ఫీజు, సంకెళ్ళు వదులు చెయ్యడానికి ఫీజు, పరుపుకి ఫీజు, బయటికి వెళ్ళడానికి ఫీజు. తిండి ఇంటివాళ్ళు తెచ్చిపెట్టాలి, లేదా దానధర్మాల మీద బతకాలి. అంటే ఖైదీకి బయట మనిషి ఉండటమే ఆ రోజుల్లో ప్రాణాధారం. మనిషి లేనివాడు ఆకలికో జైలు జ్వరానికో పోయేవాడు. ఆ జైలు జ్వరాన్నే ఇప్పుడు టైఫస్ అంటున్నాం.

ఇలా ఆరొందల ఏళ్ళు సాగాక జాన్ హోవార్డ్ అనే ఆయన వచ్చాడు. 1756లో ఓడలో వెళ్తుంటే ఫ్రెంచి వాళ్ళకి చిక్కి కొన్నాళ్ళు ఖైదులో ఉన్న మనిషి. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు. షెరీఫ్ పదవి అప్పటికి ఉత్త అలంకారం, జైలు మొహం చూసేవాళ్ళు తక్కువ. ఈయన వెళ్ళి చూశాడు. కోర్టు నిర్దోషి అని వదిలేసినవాళ్ళు కూడా మళ్ళీ జైల్లోనే ఉన్నారు! ఏమిటయ్యా అంటే జైలరుకి ఫీజు బాకీ. నేరం లేదని తేలింది, ఫీజు మాత్రం తీరలేదు.

హోవార్డ్ కౌంటీ పెద్దల దగ్గరికెళ్ళి, జైలరుకి జీతం ఇవ్వండి, ఈ ఫీజులు ఎత్తేయండి అన్నాడు. వాళ్ళు "ఇంతకుముందు ఏ కౌంటీలోనైనా అలా ఇచ్చారా?" అని అడిగారు. (మన ఆఫీసుల్లో ఏదైనా కొత్తగా చేద్దామంటే మొదట వచ్చే ప్రశ్న ఇదే కదా :-)) సరే, చూసొస్తానని గుర్రమెక్కి పక్క కౌంటీలకి బయల్దేరాడు. జీతం ఇచ్చే కౌంటీ దొరకలేదు గానీ ప్రతిచోటా ఇదే అన్యాయం దొరికింది. పార్లమెంటులో సాక్ష్యం చెప్పాడు. 1774లో చట్టం వచ్చింది. నిర్దోషిగా తేలినవాణ్ణి అక్కడికక్కడే వదిలెయ్యాలి, జైలరు ఫీజు కౌంటీ ఖజానా కట్టాలి అని. ఆ చట్టం ప్రతుల్ని హోవార్డ్ సొంత డబ్బుతో అచ్చేయించి జైలర్లకి పంపాడు. 1777లో ఇంగ్లాండు, వేల్స్ జైళ్ళ స్థితి మీద ఆయన పుస్తకం వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. షెరీఫూ, కౌంటీ జైలూ, ఫీజుల అలవాటూ ఇంగ్లాండు నుంచి వలస వచ్చినవాళ్ళతో పాటే అమెరికాకి వచ్చేశాయి. ఎంత కాలం నిలిచాయంటే, అలబామాలో 1939 నాటి చట్టం ప్రకారం ఖైదీల తిండికి ఇచ్చిన డబ్బులో మిగిలింది షెరీఫ్ జేబులో వేసుకోవచ్చని అర్థం చెప్పుకునేవారు. 2018లో ఎటోవా కౌంటీ షెరీఫ్ మూడేళ్ళలో 7,50,000 డాలర్లకి పైగా అలా మిగుల్చుకున్నాడనీ, బీచ్ దగ్గర ఇల్లు కొన్నాడనీ పేపర్లో బయటపడింది. ఆ దారిని 2019లో మూసేశారు. చిప్పకూడులో కూడా మిగులు చూసుకునే బుద్ధి పద్దెనిమిదో శతాబ్దంతో పోలేదన్నమాట.

కానీ అసలు ఫీజు వేరే వాకిట్లోంచి వచ్చింది. అదే ఫోను.

సినిమాల్లో "నాకు ఒక్క ఫోన్ కాల్ హక్కు ఉంది" అంటారే, అది రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చట్టం చేసుకుంది. కాలిఫోర్నియాలో అయితే అరెస్టయిన మూడు గంటల్లోపు మూడు కాల్స్ చేసుకోనివ్వాలి. 1970ల మొదటి దాకా ఫెడరల్ ప్రిజన్లలో మూడు నెలలకి ఒక్క కాల్ ఇచ్చేవారు. తర్వాత నిబంధనలు సడలాయి, ఫోన్లు పెరిగాయి. 1984లో ఏటీ అండ్ టీ ముక్కలైంది. లాంగ్ డిస్టెన్స్‌లో పోటీ పెరిగి బయట మనలాంటి వాళ్ళకి రేట్లు తగ్గాయి. జైల్లో మాత్రం ఉల్టా జరిగింది.

ఎందుకంటే జైల్లో ఫోన్ కంపెనీని ఎంచుకునేది మాట్లాడేవాడు కాదు, బిల్లు కట్టే వాళ్ళమ్మా కాదు. షెరీఫ్ ఎంచుకుంటాడు. టెండరు వేస్తే ఎవరు తక్కువకి ఇస్తారని కాకుండా, వచ్చిన డబ్బులో కౌంటీకి ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తారని చూడటం మొదలైంది. చాలా కాంట్రాక్టుల్లో సగం పైగా కమీషనే. ఎక్కువ కమీషన్ ఇవ్వాలంటే ఎక్కువ రేటు పెట్టాలి. చివరికి కొన్నిచోట్ల పదిహేను నిమిషాల కాల్ 17 డాలర్ల దాకా వెళ్ళింది. మన ఊళ్ళో ఎస్టీడీ బూత్ రోజులు గుర్తున్నవాళ్ళకి మీటర్ చూస్తూ మాట్లాడటం అంటే ఏమిటో తెలుసు. అప్పుడు కూడా రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ ఉండేది. ఇక్కడ అదీ లేదు.

1774లో పోయిన జైలరు ఫీజు ఇదే అని నాకనిపిస్తుంది. పేరు మారింది, కట్టేవాడు మారాడు. అప్పుడు ఖైదీ కట్టేవాడు, ఇప్పుడు ఖైదీ తల్లి కడుతోంది. ఆవిడ ఏ నేరమూ చెయ్యలేదు. చాలాసార్లు కొడుకూ చెయ్యలేదు.

దీనికి ఎదురు నిలబడింది ఏ పెద్ద సంస్థ అధిపతో కాదు, వాషింగ్టన్ డీసీలో ఉండే మార్తా రైట్ అనే ముసలమ్మ. రిటైర్డ్ నర్సు. చూపు పోయింది, కాబట్టి ఉత్తరాలు చదవలేదు. మనవడు ప్రిజన్లో ఉన్నాడు. డీసీ వాళ్ళ జైలు మూసేసే క్రమంలో ఖైదీల్ని దూర రాష్ట్రాలకి పంపేశారు, కాబట్టి వెళ్ళి చూడనూ లేదు. మిగిలింది ఫోను ఒక్కటే. ఫోను బిల్లుకీ మందుల ఖర్చుకీ మధ్య తేల్చుకోవాల్సిన పరిస్థితి. 2000లో ఆవిడా, ఆవిడలాంటి మరికొందరూ కలిసి దావా వేశారు. 2001లో కోర్టు ఇది మా పని కాదు, ఎఫ్‌సీసీ దగ్గరికెళ్ళండి అంది. 2003లో ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టారు. ఆ అర్జీ అక్కడ పదేళ్ళు పడుకుంది.

2013 ఆగస్టులో, మిన్యోన్ క్లైబర్న్ తాత్కాలిక చైర్మన్‌గా ఉండగా, ఎఫ్‌సీసీ 2-1 ఓటుతో నిర్ణయం తీసుకుంది. రాష్ట్రాల మధ్య కాల్స్‌కి నిమిషానికి ప్రీపెయిడ్ అయితే 21 సెంట్లు, కలెక్ట్ కాల్ అయితే 25 సెంట్లు, అంతకు మించకూడదు. పదిహేడు డాలర్ల కాల్ మూడు డాలర్ల పదిహేను సెంట్లకి దిగింది. కానీ కౌంటీ జైలు వాళ్ళకి దీంతో పెద్ద ఒరిగిందేమీ లేదు. కౌంటీ జైల్లో ఉన్నవాడి ఇల్లు సాధారణంగా అదే రాష్ట్రంలో, చాలాసార్లు అదే ఊళ్ళో ఉంటుంది. 2015లో రాష్ట్రం లోపలి కాల్స్‌కీ పరిమితి పెట్టబోతే కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2017లో అప్పీళ్ళ కోర్టు ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని కొట్టేసింది. మార్తా రైట్ అది చూడలేదు. 2015 జనవరిలోనే పోయారు.

అధికారం లేదంటే ఇచ్చే చట్టం చెయ్యాలి. 2022 డిసెంబరులో కాంగ్రెస్ చేసింది, 2023 జనవరి 5న ప్రెసిడెంట్ సంతకం అయింది. చట్టానికి ఆవిడ పేరే పెట్టారు. దాని ప్రకారం 2024 జూలైలో ఎఫ్‌సీసీ కొత్త రేట్లు ప్రకటించింది. పెద్ద జైళ్ళలో నిమిషానికి 6 సెంట్లు, మరీ చిన్న జైళ్ళలో 12 సెంట్లు. పైగా కౌంటీలకి ఇచ్చే కమీషన్లు నిషేధం. హోవార్డ్ చేసిన పని 250 ఏళ్ళ తర్వాత మళ్ళీ చేసినట్టయింది అనుకుంటుండగా, 2025 జూన్‌లో అమలు వాయిదా వేశారు, అక్టోబరులో పరిమితులే పెంచారు. ఖర్చు ఎక్కువవుతోందని షెరీఫులూ కంపెనీలూ మొత్తుకున్నారు మరి.

ఇంకో దారి పట్టిన ఊళ్ళు కూడా ఉన్నాయి. న్యూయార్క్ నగరం 2018లో చట్టం చేసి 2019 నుంచి తన జైళ్ళలో కాల్స్ పూర్తిగా ఉచితం చేసింది. 2020లో శాన్ ఫ్రాన్సిస్కో కౌంటీ చేసింది. 2023 చివర్లో మసాచుసెట్స్ కౌంటీ జైళ్ళతో సహా రాష్ట్రమంతా చేసింది. అవేమీ మునిగిపోలేదు. జైలు నడపడం ప్రభుత్వం పని అయితే ఖర్చూ ప్రభుత్వానిదే అని ఒప్పుకున్నారు, అంతే.

ఫోను పక్కన పెట్టి ములాఖత్ సంగతి చూద్దాం. ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుని మాట్లాడే హక్కు ఉందా అన్న ప్రశ్న లాస్ ఏంజెలెస్ కౌంటీ జైలు నుంచి సుప్రీం కోర్టుకి వెళ్ళింది. విచారణలో ఉన్నవాళ్ళకి కూడా ఆ హక్కు లేదని 1984లో తీర్పొచ్చింది. అప్పట్నుంచి అద్దం, అద్దానికి అటూ ఇటూ రెండు రిసీవర్లు. తర్వాత ఆ అద్దం కూడా పోయి వీడియో స్క్రీన్ వచ్చింది. కొన్ని కాంట్రాక్టుల్లో వీడియో పెట్టాలంటే నేరుగా చూడటం ఆపెయ్యాలని షరతు ఉండేది. టెక్సాస్ 2015లో నేరుగా చూడనివ్వాలని చట్టం చేసింది గానీ అప్పటికే వీడియోకి ఖర్చుపెట్టేసిన కౌంటీలకి మినహాయింపులిచ్చింది. మనం కట్టే సాఫ్ట్‌వేర్ ఇలాంటి చోట్ల కూడా నడుస్తోందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఉత్తరం మిగిలింది కదా అంటారా? 2007లో అరిజోనాలోని మారికోపా కౌంటీ షెరీఫ్ జో అర్పాయో ఉత్తరాలు వద్దు, పోస్టుకార్డులే పంపాలన్నాడు. చాలా కౌంటీలు అదే పాట అందుకున్నాయి. పోస్టుకార్డు మీద ఏం రాస్తాం? పోస్టుమాన్ కూడా చదువుతాడు. ఒరెగాన్‌లోని కొలంబియా కౌంటీలో ఈ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 2013లో కోర్టు కొట్టేసింది. ఇప్పుడు చాలాచోట్ల ఉత్తరాన్ని స్కాన్ చేసి టాబ్లెట్లో చూపిస్తున్నారు. అమ్మ చేతిరాత ఉన్న కాగితం చేతికి రాదు.

ఇదంతా మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. 2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? మిషిగన్‌లో వలస శాఖ వాళ్ళే పెట్టిన దొంగ యూనివర్సిటీ. అరెస్టయిన మొదటి 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. వలస శాఖ తన ఖైదీల కోసం చాలాచోట్ల కౌంటీ జైళ్ళలోనే పడకలు అద్దెకి తీసుకుంటుంది. ఎవరు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకి తెలియక ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో! ఢిల్లీలో విదేశాంగ శాఖ అమెరికా ఎంబసీకి అధికారికంగా నిరసన తెలిపింది, వాషింగ్టన్‌లో మన ఎంబసీ రోజంతా పనిచేసే హెల్ప్‌లైన్ పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లని వెతికిపెట్టాయి. అంతకుముందు 2011లో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ విషయంలోనూ మన పిల్లలే కాళ్ళకి మానిటర్లతో టీవీల్లో కనిపించారు.

1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి "మీ కాన్సులేట్‌కి చెప్పమంటారా" అని అడగాలి. కొన్ని దేశాల వాళ్ళ విషయంలో అడక్కపోయినా చెప్పి తీరాలి, ఆ జాబితాలో భారతదేశం లేదు. అంటే మనవాడు నోరు తెరిచి "చెప్పండి" అంటేనే చెప్తారు. పరువు పోతుందని మనవాళ్ళు అనరు.

ఇక ఆ రెండు రోజుల్లో నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి నాలుగు. మనిషి ఎక్కడున్నాడో షెరీఫ్ ఆఫీసు సైట్లో పేరు కొడితే చాలావరకు తెలుస్తుంది. వలస శాఖ చేతిలో ఉంటే వాళ్ళకి వేరే లొకేటర్ ఉంది, దానికి పుట్టిన దేశంతో పాటు ఏ-నంబరు గానీ పూర్తి పేరు గానీ కావాలి. ఫోను ఖాతాకీ లోపలి క్యాంటీన్ ఖాతాకీ డబ్బు విడివిడిగా కట్టాలి. బెయిలు మొత్తం మనమే కోర్టులో కడితే, మనిషి వాయిదాలకి వెళ్తే తిరిగొస్తుంది. ఏజెంటు ద్వారా అయితే కట్టే పది శాతం ఇక రాదు. పుస్తకాలు ఇంటినుంచి పంపితే చాలాచోట్ల తీసుకోరు, కొత్తవి షాపు నుంచే నేరుగా వెళ్ళాలి. ఈ నిబంధనని సుప్రీం కోర్టు 1979లోనే సమర్థించింది.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి కాల్ రికార్డవుతుంది. మా వాడి అక్క హైదరాబాద్ నుంచి కాన్ఫరెన్స్‌లోకి రావాలని చూసింది. అది జైలు వాళ్ళు ఒప్పుకోరు, కాల్ కట్టవుతుంది. నేను స్పీకర్లో పెడితే మొదటి మాటే "అసలేం జరిగిందిరా?" అంది. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోకండి. అర్థం చెప్పేవాణ్ణి పిలిపించడం వాళ్ళకి పెద్ద పని కాదు. కేసు సంగతి లాయరుతోనే. మనం అడగాల్సింది "తిన్నావా, పడుకున్నావా, దుప్పటి ఇచ్చారా" అని. ఆ ప్రశ్నలు పనికిమాలినవని అనిపిస్తాయి గానీ, పదిహేను నిమిషాల్లో మనిషిని నిలబెట్టేవి అవే.

2015 జూలైలో టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో సాండ్రా బ్లాండ్ అనే అమ్మాయిని ట్రాఫిక్ దగ్గర ఆపి అరెస్టు చేశారు. బయటికి రావడానికి కావలసింది ఐదొందల డాలర్ల చిల్లర. జైలు నుంచి ఒక స్నేహితుడికి చేస్తే దొరకలేదు, వాయిస్‌మెయిల్ పెట్టింది. మూడో రోజు పొద్దున్న సెల్‌లో ఉరికి వేలాడుతూ కనిపించింది. స్థానిక జైళ్ళలో జరిగే చావులకి ఏ ఒక్క కారణాన్ని చూసినా ఆత్మహత్యే ముందుంటుంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కట్ చేసినవి మూడు కాల్స్.

హోవార్డ్ లాంటి వాళ్ళూ మార్తా రైట్ లాంటి వాళ్ళూ చట్టాలు మార్చారు. అవి ఒక అడుగు ముందుకీ అర అడుగు వెనక్కీ వెళ్తున్నాయి, వెళ్తాయి. మన చేతిలో ఉన్నది చిన్న పని. మీ దగ్గరివాళ్ళ నంబర్లు ఒక రెండు నోటికి నేర్చుకోండి, మొబైల్ గుంజుకున్నాక కాంటాక్ట్స్ లిస్టు పనికిరాదు. ఎప్పుడైనా రాత్రిపూట ఏ కౌంటీ పేరో చెప్పే యంత్రం గొంతు వినిపిస్తే రెండు క్షణాలు ఆగండి. అందులో మధ్యలో ఓ చిన్న ఖాళీ ఉంటుంది, మనిషి తన పేరు తనే చెప్పడానికి. నేను ఆ ఖాళీ దాకా ఒక్కసారైనా విని ఉంటే, వాడి గొంతు వినపడేది.